సొరంగంలో ముప్పై నాలుగో ఊపిరి

141వ రోజు

ఉదయం ఎనిమిదీ పదికి గాలి మీటరు 34 చూపించింది. సొరంగంలో ఉండాల్సింది ముప్పై ముగ్గురం. విద్యార్థులు ముప్పై మంది, హెడ్ మేడమ్ ఎస్తేరురాణి, వంటాయన అప్పలకొండ, నేను.

ఈ మీటరు మనుషుల్ని చూడదు. రోజుకొకసారి, ఒక్క నిమిషం పాటు, బయటికి తోడేసే గాలిలో ఎంతమంది ఊపిరి ఉందో కొలిచి అంకె చెబుతుంది. ఆ అంకెను నేను రిజిస్టరు మొదటి గడిలో రాయాలి. తర్వాత హాలుకు వెళ్ళి, కంటితో తలలు లెక్కపెట్టి రెండో గడిలో రాయాలి. రికార్డరుగా నా ఉద్యోగం ఇదే. రిజిస్టరు నకలు వారానికోసారి విద్యా బోర్డుకు వెళ్తుంది. అందులో అంకెలకు తప్ప దేనికీ చోటు లేదు, తేదీ కూడా ఏడాదిలో ఎన్నో రోజన్న అంకే. మిగతా సంగతులు ఈ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు పేపరులో పనిచేశాను, రాయకపోతే నాకు తోచదు.

మీటరు లోపం అనుకుని వడపోత బట్ట మార్చాను. తర్వాత హాలుకు వెళ్ళాను. హాలుకు వెళ్ళి పదహారు రోజులైందని దారిలో గుర్తొచ్చింది. అన్ని రోజులూ మొదటి గడిలో అంకెనే రెండో గడిలో దించాను.

హాల్లో విద్యార్థులు ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను. మేం ముగ్గురం కలిస్తే ముప్పై రెండు. మీటరు ఒకరిని ఎక్కువ చెబుతోంది అనుకున్నాను. ఎక్కువ చెబుతున్నది ఇద్దరిని.

లేనిది పైడితల్లి. పదహారేళ్ళ పిల్ల. ఎక్కడుందని అడిగితే ఒకరు స్నానానికి వెళ్ళిందన్నారు. అదే క్షణంలో గవరయ్య అనే కుర్రాడు జ్వరంతో పడుకుందన్నాడు. జ్వరంతో స్నానమేమిటన్నాను. వాడు కాస్త ఆలోచించి, అందుకే జ్వరం తగ్గట్లేదన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం రిజిస్టరు తెరిచి 33, 33 అని రాశాను.

142వ రోజు

పైడితల్లి జోడీ నూకరత్నం. ఇక్కడ ప్రతి ఇద్దరికీ ఒక చిన్న గది, ఒక తెర, రెండు కీబోర్డులు ఉంటాయి. పాఠాలు చెప్పేది తెరే. అన్నం కూడా జోడీలో ఒకరొచ్చి రెండు పళ్ళేలు పట్టుకుపోతారు. అందుకే అప్పలకొండకు తేడా తెలియలేదు. రెండు పళ్ళేలు వెళ్ళాయి, రెండూ ఖాళీగా తిరిగొచ్చాయి.

మధ్యాహ్నం నూకరత్నం గదికి వెళ్ళాను. రెండు కీబోర్డుల మధ్య కూర్చుని ఉంది. పైడితల్లి ఎక్కడని అడిగాను. కాసేపు నా చెప్పుల వైపు చూసి మొత్తం చెప్పింది.

పైడితల్లి వాళ్ళమ్మది అద్దాల మడుల్లో ఎండ పని. సముద్రం ఒడ్డున మైళ్ళ పొడవునా పరిచిన కరెంటు అద్దాల మీద ఉప్పు తుడిచే పని అది. ఆమె అద్దం మీంచి జారిపడి తుంటి విరిగింది. కూతురు మూడుసార్లు సెలవు అడిగింది. పరీక్ష ముందు జోడీని విడదీయరాదని బోర్డు మూడుసార్లూ కాదంది. 125వ రోజు ట్రాలీ వచ్చినప్పుడు ఖాళీ డ్రమ్ముల మధ్య టార్పాలిన్ కింద దూరి వెళ్ళిపోయింది. మళ్ళీ ట్రాలీకి వచ్చేస్తానంది. ఆ తర్వాత ట్రాలీ రెండుసార్లు వచ్చింది. ఆమె రాలేదు.

మరి మీటరు సంగతేమిటని అడిగాను.

"తాడాట అండి," అంది నూకరత్నం.

రోజూ ఎనిమిది గంటలకు స్నానాల గది దగ్గర పది నిమిషాలు తాడు గెంతుతుంది. ఎనిమిదీ పదికి రొప్పుతూ గాలి గొట్టం కింద నిలబడుతుంది. ఇద్దరి ఊపిరి. మొదటి రోజు చాలకపోతే ఎలాగని భయపడిందట. సరిపోయింది. మొన్న మాత్రం తనకు నలతగా ఉందని గవరయ్యతో అంది. నిన్న తెల్లారేసరికి తగ్గింది, గెంతింది. ఆ సంగతి తెలియక గవరయ్య అవతలి చివర మెట్లెక్కి దిగాడు. ఉన్నదొక ఖాళీ, నింపింది ఇద్దరు.

ఇదంతా ఎందుకో నాకు తెలుసు. పరీక్ష జోడీగానే రాయాలి. ఒకరికొకరు ఒక పాఠం నేర్పాలి. నేర్చుకున్నవాళ్ళను పరీక్షకుడు ప్రశ్న వేస్తాడు. వాళ్ళు సరిగ్గా చెబితే నేర్పినవాళ్ళకు పట్టా. జోడీ లేకపోతే పరీక్ష లేదు. నూకరత్నం పరీక్ష 165వ రోజు. 171వ రోజుకు ఆమెకు పద్దెనిమిది నిండుతాయి. ఆలోగా పట్టా లేకపోతే ఎండ పనికి పంపుతారు, అక్కడి నుంచి నీడకు తిరిగి రానివ్వరు. పైడితల్లి లేదని తెలిసిన రోజే ఆమె పేరు కొట్టేస్తారు. నూకరత్నానికి జోడీ పోతుంది. మిగిలిన పద్నాలుగు జోడీల్లో ఖాళీ లేదు.

"రాసేస్తారా మాష్టారూ?" అని అడిగింది.

సాయంత్రం రిజిస్టరులో 33, 33.

145వ రోజు

మూడు రోజులుగా తెలిసి రాస్తున్నాను. అంతకుముందు పదహారు రోజులు బద్ధకంతో రాశాను. బోర్డు దృష్టిలో రెండూ ఒకటే. నాకు మాత్రం బద్ధకంతో రాసిందే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నూకరత్నం ఫైలు తీసి చదివాను. అంతకుముందు రెండు బళ్ళు పంపేశాయి. మొదటి బడి హాజరు లేదని. రెండో బడి, ప్రిన్సిపాలు కుర్చీ సముద్రంలో పారేసిందని. తాడాటకు వెళ్తూ కనిపిస్తే అడిగాను.

"నేను పారేయలేదండి. ఒడ్డున పెట్టాను. సంద్రమే వచ్చి అట్టుకుపోయింది. రోజూ ముందుకొస్తుంటే నేనేటి చేస్తాను?"

ఈ సొరంగం ఒకప్పుడు రైళ్ళు వెళ్ళినది. పొడవు పదకొండు వందల మీటర్లు. రెండు చివర్లా ఇనుప తలుపులు. పడమటి తలుపు తెరవగా నేను చూడలేదు. తూర్పుది ట్రాలీ కోసం ఎనిమిది రోజులకోసారి తెరుచుకుంటుంది. ఈ పిల్లల్ని తీసుకొచ్చింది చదువు మధ్యలో జారిపోకుండా కాపాడడానికని గోడ మీద రాసి ఉంది. బయట ఇవాళ యాభై మూడు డిగ్రీలు. తలుపు ఎవరి కోసం వేశారో ఆ అంకె చూస్తే సందేహం రాదు. అయినా గొళ్ళెం బయటి వైపు ఉంది.

149వ రోజు

చీకటి పడుతుండగా ట్రాలీ వచ్చింది. నడిపేది సన్యాసిరావు. బియ్యం బస్తాలు దింపాక నన్ను పక్కకు పిలిచాడు. నూకరత్నానికి చెప్పమని పైడితల్లి పంపిన కబురు, చెప్పడానికి తనకు నోరు రావడం లేదన్నాడు.

పైడితల్లి రాదు. తల్లి బదులు తాను అద్దాల పనికి సంతకం పెట్టింది. అలా పెడితేనే తల్లిని నీడ షెడ్డులో పడుకోనిస్తారు. సంతకం పెట్టి తొమ్మిది రోజులైంది. ముఖం అప్పుడే బొగ్గయిందన్నాడు సన్యాసిరావు.

నూకరత్నానికి నేనే చెప్పాను. అద్దాల పనికి చేతులకు ఏమైనా తొడుక్కోనిస్తారా అని అడిగింది. తెలియదన్నాను. గదిలోకి వెళ్ళి ఒక కీబోర్డుకు గుడ్డ కప్పింది.

150వ రోజు

ఇవాళ తాడాట లేదు. మీటరు 32 చూపించింది. రెండు గడుల్లోనూ 32 రాసి, రిజిస్టరు తీసుకుని హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

ఎస్తేరురాణి పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంది. గొంతు పెంచగా వినలేదు. నేను చెప్పిందంతా విని, 125 నుంచి 149 దాకా పేజీలు తిప్పింది. ఒక్కొక్క పేజీలో నా రెండు గడుల మీదా వేలు పెట్టి చూసింది. ఎవరెవరు గెంతారని అడగలేదు. నేనూ చెప్పలేదు.

"మాష్టారూ, ఇది పంపితే మీ పట్టా పోతుంది. తెలుసా?"

తెలుసన్నాను. పట్టా పోయినవాళ్ళకు వయసుతో పని లేదు. యాభై తొమ్మిదేళ్ళకు ఎండ పని.

"వెంటనే కాదు," అని ఆమె నిబంధనల పుస్తకం తీసింది. తప్పుడు లెక్క రాసిన రికార్డరు సొరంగంలో ఉన్న మనిషైతే, అక్కడ జరిగే తర్వాతి పరీక్షకు ఒక్క అవకాశం ఇస్తారు. విద్యార్థిగా కూర్చోవాలి. "అదీ పేరుకే. మీకు జోడీ ఎవరుంటారు?"

అని తనే ఆగిపోయింది. పుస్తకం మూయలేదు. తర్వాతి పరీక్ష 165వ రోజు. జోడీ లేని సీటు ఒక్కటే ఉంది.

లోకోపకారం కోసం ఒప్పుకున్నానని రాస్తే అబద్ధం. ఏం చేసినా నా లెక్క తప్పే, ఏదో ఒక రోజు బయటపడేదే. ఇప్పుడు ఒప్పుకుంటే ఇద్దరికి దారి, తర్వాత దొరికిపోతే ఎవరికీ లేదు. పది నిమిషాల్లో అర పేజీ రాసిచ్చాను. అందులో నా తప్పు మాత్రమే ఉంది.

153వ రోజు

బోర్డు ఉత్తర్వు తెర మీద వచ్చింది. పైడితల్లి పేరు తొలగింపు. నా పట్టా రద్దు. పరీక్షకు అనుమతి, జోడీ నూకరత్నం. రిజిస్టరు ఇకపై హెడ్ మేడమ్ చూస్తుంది.

నూకరత్నం గదికి నా పక్కబట్టలు తెచ్చుకున్నాను. అవి అక్కడ ఉన్నది మధ్యాహ్నం దాకే. రాత్రి అబ్బాయిల హాల్లో గవరయ్య పక్క మంచం ఇచ్చారు. పేపరు మాష్టారికి గురక వస్తే మీటరు ఎంత చూపిస్తుందని వాడు అందరి ముందూ అడిగాడు.

156వ రోజు

నూకరత్నం నాకు నేర్పే పాఠం వర్గ సమీకరణాలు. ఆమెకు బాగా వచ్చింది అదే. నలభై రెండేళ్ళ కిందట నేను పాసు మార్కుల మీద బతికి బయటపడింది కూడా అదే.

నేను సరిగ్గా చెప్పకపోతే ఫెయిలయ్యేది ఆమె. ఆమె సరిగ్గా చెప్పకపోతే ఫెయిలయ్యేది నేను. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ, మనుషుల్ని బాగా చదివినవాళ్ళే.

మొదటి రోజు నేను మైనస్ గుర్తు మూడుసార్లు వదిలేశాను.

"పేపర్లో ఇన్నేళ్ళూ ఏటి రాసేవోరు మాష్టారూ, లెక్కలు రాకుండా?"

ఎన్నికల ఫలితాలు రాసేవాణ్ణన్నాను.

"అయ్యి లెక్కలు కావా?"

"కూడికలే. హెచ్చవేతలు వేరేవాళ్ళు చేసేవాళ్ళు."

నవ్వింది. వారంలో ఇదే మొదటిసారి. వెంటనే మైనస్ గుర్తు దిద్దించింది.

160వ రోజు

ఆమె పద్ధతి ఒకటే. జవాబు వచ్చాక దాన్ని నేల మీద పెట్టి చూడాలి. మడి వెడల్పు అడిగితే వెడల్పులా ఉందా, లేదా? లేకపోతే సూత్రం ఎంత ఒప్పుకున్నా తీసి పారేయాలి. ఇంత తేలిక మాట నాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

నేను ఆమెకు నేర్పేది వార్త రాయడం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు, ఎన్ని. మంచి, చెడ్డ, పాపం లాంటి మాటలు ఉండకూడదు. చూసిందీ చేసిందీ రాయాలి, అనుకున్నది కాదు. మొదట ఏది రాసినా కథలా సాగేది. కుర్చీ సంగతి రాయమంటే రెండు పేజీలు రాసింది, అందులో ఒకటిన్నర పేజీ ప్రిన్సిపాలు నడక. నాలుగుసార్లు కొట్టేయించాక ఐదు వాక్యాలకు వచ్చింది. చివరి వాక్యం: "సాయంత్రం అయిదుకు నీళ్ళు కుర్చీ దాకా వచ్చాయి."

ఊపిరి ఆడని గది ఇది. మధ్యాహ్నానికి గోడలు చెమ్మగిల్లుతాయి. తల ఎత్తితే తెర, దించితే పలక. ఆమె ఇందులో నాలుగు వందల రోజులకు పైగా కూర్చుంది. నాకు ఏడు రోజులకే తలుపు దాకా నడిచి రావాలనిపిస్తోంది. నిన్న నడిచాను. తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను, కాలింది.

165వ రోజు

పరీక్ష తొమ్మిదింటికి. హాల్లో పెద్ద తెర మీద పరీక్షకుడు. యాభై ఏళ్ళ మనిషి, బట్టతల, వెనక తెల్లగోడ. పేరు చెప్పలేదు. ఎస్తేరురాణి మా వెనక కూర్చుంది.

మొదట నూకరత్నం నలభై నిమిషాలు పాఠం చెప్పింది. పరీక్షకుడు నాకు లెక్క ఇచ్చాడు. ఒక మడి పొడవు, వెడల్పు కంటే మూడు మీటర్లు ఎక్కువ. వైశాల్యం నూట ఎనభై చదరపు మీటర్లు. వెడల్పు ఎంత?

పదకొండు నిమిషాలు పట్టింది. ఒకసారి మైనస్ వదిలేసి మళ్ళీ దిద్దాను. నూకరత్నం నా పలక వైపు చూడకూడదు గనుక గోడ వైపు చూస్తూ కూర్చుంది. పన్నెండు, మైనస్ పదిహేను వచ్చాయి. పన్నెండని చెప్పాను. రెండోది ఎందుకు వదిలేశారని పరీక్షకుడు అడిగాడు. నేల మీద మైనస్ పదిహేను మీటర్ల వెడల్పు ఉండదన్నాను. రాసుకున్నాడు.

తర్వాత నేను పాఠం చెప్పాను. ముగిశాక అతను తన దగ్గరున్న కాగితం ఒకటి తీశాడు. నా ఒప్పుకోలు పత్రం అని అంత దూరం నుంచే గుర్తుపట్టాను.

"నూకరత్నం, ఇదే మీకు ప్రశ్న. 141వ రోజు మీటరు ముప్పై నాలుగు ఎలా చూపించింది? మీ మాష్టారు చెప్పిన పద్ధతిలో రాసి చదవండి. ఇందులో అంకె ఉంది, ఎలా అన్నది లేదు."

అది పరీక్షో విచారణో నాకు అర్థం కాలేదు. నిజం రాస్తే తన మీద తనే కేసు రాసుకున్నట్టు. తెలియదని రాస్తే నేను ఫెయిల్, అద్దాల మడి. మాట్లాడే హక్కు నాకు లేదు. ఎస్తేరురాణి కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. నూకరత్నం ఒక్కసారే నా వైపు చూసింది. నేను చేతులు చూసుకున్నాను.

ఆరు నిమిషాలు రాసింది. లేచి చదివింది.

"125వ రోజు ట్రాలీలో పైడితల్లి సొరంగం నుంచి వెళ్ళిపోయింది. 126వ రోజు నుంచి నేను రోజూ ఎనిమిది గంటలకు స్నానాల గది దగ్గర పది నిమిషాలు తాడు గెంతాను. ఎనిమిదీ పదికి గాలి గొట్టం కింద నిలబడ్డాను. మీటరు 33 చూపించింది. 141వ రోజు నాతో పాటు ఇంకొక విద్యార్థి మెట్లు ఎక్కి దిగారు. మీటరు 34 చూపించింది."

ఇంకొక విద్యార్థి ఎవరని పరీక్షకుడు అడిగాడు.

"ఎలా అని అడిగారండి. రాశాను. ఎవరని అడగలేదు."

అతను కాగితం పక్కన పెట్టాడు. తర్వాత తెర ఆగిపోయింది. యాభై నిమిషాలు అలాగే ఉంది. నూకరత్నం మెడ మీద చెమట తుడుచుకుంటూ, బాగా రాశానా అని అడిగింది. బాగా అనే మాట వాడకూడదన్నాను.

తెర వచ్చింది. పరీక్షకుడు కాగితం చూసి చదివాడు. రికార్డరు తప్పుడు లెక్క రాస్తే శిక్ష ఉంది. విద్యార్థి అనుమతి లేకుండా బయటికి పోతే శిక్ష ఉంది. విద్యార్థి ఎక్కువ ఊపిరి తీసుకోవడాన్ని నిషేధించే నిబంధన పుస్తకంలో లేదు. జవాబు పూర్తిగా ఉంది, అదనంగా ఏమీ లేదు. ఇద్దరికీ పట్టా.

నూకరత్నం కూర్చుంది. ఎస్తేరురాణి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, సామాను సర్దుకోమంది.

నాలుగింటికి కొత్త నిబంధన తెర మీదికొచ్చింది. ఎనిమిది నుంచి ఎనిమిదింబావు దాకా విద్యార్థులందరూ హాల్లో బెంచీల మీద కూర్చోవాలి. చేతులు బల్ల మీద ఉండాలి. నిలబడరాదు, నడవరాదు. తాళ్ళు స్వాధీనం చేయాలి. స్నానాల గది దారికి రేపటి నుంచి తాళం. కంటి లెక్క గడి రిజిస్టరు నుంచి తీసేశారు. మీటరు చాలునట.

ఆరింటికి ట్రాలీ. పట్టా ఉన్నవాళ్ళకు దాంట్లో ఒకే సీటు. నేను తర్వాతి ట్రాలీకి, 173వ రోజు దాకా ఆగుతానన్నాను. తలుపు దగ్గర పిల్లలు వరసగా నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. ఆమె చెప్పిన నిజం ఆమెను బయటికి పంపింది. వాళ్ళకు ఉన్న ఒక్క సందూ మూసేసింది. అది అందరికీ తెలుసు, ఆమెకు ముందుగా తెలుసు.

"తిట్టండిరా," అంది నూకరత్నం. "మాటాడకుండా పంపకండి."

గవరయ్య తన తాడు అప్పగించలేదు. చొక్కా లోంచి తీసి ఆమె సంచిలో కుక్కాడు. పైడికి ఇమ్మన్నాడు. సన్యాసిరావు అద్దాల మడుల మీదుగానే వెళ్తాడు.

నూకరత్నం నాకు దణ్ణం పెట్టలేదు. మైనస్ గుర్తులు మర్చిపోవద్దని చెప్పి ఎక్కింది. తలుపు మూసుకుంది.

166వ రోజు

ఎనిమిది గంటలకు ఇరవై ఎనిమిది మంది బెంచీల మీద కూర్చున్నారు, చేతులు బల్ల మీద. కొత్త పట్టా ఇంకా చేతికి రాలేదు గనుక నేనూ కూర్చున్నాను. ఎస్తేరురాణి మీటరు గదిలో ఉంది. అప్పలకొండ వంటింట్లో.

ఎనిమిదీ పది కావస్తుండగా గవరయ్య మా వైపు తిరిగి వేలితో ముక్కు చూపించాడు. ముందే అనుకున్నట్టున్నారు. నాకెవరూ చెప్పలేదు. అందరూ నిండా పీల్చి, నోరు మూసుకున్నారు. నిబంధన ఇంకోసారి గుర్తు చేసుకున్నాను. నిలబడరాదు, నడవరాదు. అంతే ఉంది.

నేనూ పీల్చి ఆపాను. యాభై తొమ్మిదేళ్ళ ఛాతీకి ఒక నిమిషం చాలా పొడుగు. నలభై సెకన్లు గడిచాక ముందు బెంచీలో ఒకమ్మాయి భుజాలు ఎగిరిపడ్డాయి. పక్కమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

మీటరు 2 చూపించింది. ప్రమాద గంట మోగింది. రెండు చివర్లా తలుపుల మీద ఎర్రదీపాలు వెలిగాయి. ఎస్తేరురాణి పరుగెత్తుకుంటూ వచ్చింది, ఆమె పరుగెత్తగా పదకొండేళ్ళలో ఎవరూ చూసి ఉండరు. గుమ్మంలో నిలబడి మా ముఖాలు చూసింది. అప్పటికి అందరం గట్టిగా ఊపిరి తీసుకుంటున్నాం.

ఆమె మొదటి బెంచీ దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, పేరు పిలుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.